జైలుకి బదులు నిఘా

సెమిస్టర్ పేపర్ కోసమని ఇంటెన్సివ్ ప్రొబేషన్ మీద కూర్చున్నా, వారమంతా అదే ధ్యాస.

అంటే నేరం రుజువైనా జైలుకి పంపకుండా బయటే ఉంచి గట్టి నిఘా పెట్టడం. 1982లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం మొదలుపెట్టిన పద్ధతిలో 25 మందికి ఇద్దరు ఆఫీసర్లు. వారానికి ఐదుసార్లు ముఖాముఖి, రాత్రిళ్లు కర్ఫ్యూ, డ్రగ్ టెస్టులు, ఉద్యోగం తప్పనిసరి. జైళ్లు కిక్కిరిసిన రోజులు మరి, మిగతా రాష్ట్రాలూ ఎగబడ్డాయి.

జోన్ పీటర్సీలియా, సూసన్ టర్నర్ 1993లో వెలువరించిన రాండ్ (అమెరికాలోని ఓ పరిశోధన సంస్థ) అధ్యయనం నాకు నిద్ర లేకుండా చేసింది. 9 రాష్ట్రాలు, 14 చోట్లు. ఎవరు నిఘాలోకి, ఎవరు మామూలు పద్ధతిలోకి అన్నది లాటరీయే తేల్చింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ అరెస్టయినవాళ్లు నిఘా గుంపులో 37 శాతం, రెండోదాంట్లో 33. పెద్ద తేడా కాదు. షరతులు తప్పి దొరికినవాళ్లు మాత్రం నిఘా గుంపులో 65 శాతం, రెండోదాంట్లో 38! కర్ఫ్యూ దాటడం, టెస్టులో పట్టుబడటం లాంటివి. అలా దొరికినవాళ్లలో చాలామంది చివరికి జైలుకే చేరారు. ఇక ఖర్చు మిగిలేది ఎక్కడ?

ఒరెగాన్‌లోని మేరియన్ కౌంటీలోనైతే ఈ ప్రొబేషన్ ఇస్తామంటే, వద్దు, జైలే నయం అన్నవాళ్లూ ఉన్నారు. నాకు వాళ్ల లెక్క అర్థమైంది. కొన్ని నెలల్లో తేలిపోయే శిక్షకి ఏళ్ల తరబడి తలుపు తట్టించుకోవడం ఎందుకు?

నిఘాతోపాటు మత్తు చికిత్స, కౌన్సెలింగ్, పని కూడా దొరికినవాళ్లు కాస్త తక్కువగా అరెస్టయ్యారట. కానీ ఆ ముక్క లాటరీతో తేలింది కాదు, బాగుపడాలనుకున్నవాళ్లే చికిత్సకి వెళ్లి ఉండొచ్చు. మా ప్రొఫెసర్ సరిగ్గా అక్కడే పట్టుకుంటారు.