లైటు ఎటు, చూపు ఎటు

"పంటికి వేస్తున్నావా, బుగ్గకు వేస్తున్నావా?"

మా సీనియర్ అసిస్టెంటు అడిగిన మాట ఇది. పేషెంటు కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగానే అడిగింది. దవడ పన్నులో డాక్టరు కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్ ముద్ద) సర్ది చేయి తీయగానే, దాన్ని గట్టిపరిచే నీలి క్యూరింగ్ లైటు పట్టడం నా పని. పట్టాను. నీలి వెలుగు కంటికి మంచిది కాదు కదా అని ఎప్పటిలాగే మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని లైటును కాస్త జరిపింది, వంగిన మొనను నిలువుగా చేసింది. నారింజ రంగు కళ్లద్దాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఈ పరాయి దేశంలో నేను అసిస్టెంటునే. లైసెన్సు పరీక్షలు గట్టెక్కేదాకా అంతే. మా దేశంలో మాత్రం తొమ్మిదేళ్లు పళ్ల డాక్టరుగా చేశాను. ఆ సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను. కానీ మనసు ఊరుకోదుగా! బయట జనం బారులు తీరి కూర్చుంటే కళ్లద్దాలు వెతుక్కునే తీరిక ఎవరికుంటుంది? నేను వేసిన ఫిల్లింగ్ ఊడిపోయిందని వెనక్కి వచ్చినవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రానివాళ్లు ఎక్కడికి వెళ్లారో మాత్రం నాకు తెలియదు. అక్కడే నా వాదన తడబడింది.

చదువుకోని విషయమా ఇది? కాంపోజిట్‌లో క్యాంఫర్‌క్వినోన్ అనే పసుపు పదార్థం చిటికెడంత ఉంటుంది. పుట్టుక కర్పూరం నుంచే. 470 నానోమీటర్ల దరిదాపుల్లో ఉన్న నీలి కాంతిని అది బాగా పీల్చుకుంటుంది, పక్కనున్న అమీన్ అనే రసాయనంతో కలిసి ఫ్రీ రాడికల్స్‌ను, అంటే చురుగ్గా స్పందించే కణాలను పుట్టిస్తుంది. వాటి తాకిడికి రెసిన్ అణువులు గొలుసులుగా అల్లుకుని, ముద్ద గట్టిపడుతుంది. చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్ల లైటును 20 సెకన్లు వేస్తే 20 జౌళ్ల శక్తి అందుతుంది. ఈ లెక్క పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మొన పక్కకు జరిగినా, వంగినా, దూరమైనా పంటికి అందేది తగ్గిపోతుందని లెక్క దానంతట అది చెప్పదు. లైటు మాత్రం టైము కాగానే బీప్ అంటుంది. అది ఎటు చూపించినా అంటుంది.

పని ముగిశాక ఆవిడ నన్ను ఆపింది. మళ్లీ తిడుతుందేమో అనుకున్నాను. ప్లాస్టిక్ స్ట్రాను కత్తిరించి నాలుగు మిల్లీమీటర్ల ముక్కలు రెండు చేసింది. గడువు తీరిన కాంపోజిట్‌ను రెండింటిలోనూ కూరింది. ఒకదానికి మొనను ఆనించి, కళ్లద్దాలతో చూస్తూ లైటు వేసింది. రెండోది నాకిచ్చి, "పొద్దున వేసినట్టే వెయ్యి" అంది. వేశాను, మొహం తిప్పుకునే. పై భాగాన్ని ప్రోబ్‌తో, అంటే పళ్లు పరీక్షించే సూదిమొన పనిముట్టుతో తడితే రెండూ టక్కుమన్నాయి. నాకు ధైర్యం వచ్చింది. తిరగేసి గీకమంది. ఆవిడ ముక్క అడుగున పలచటి పొర మాత్రమే లేచింది. నాది గీకుతుంటే తడిసిన సుద్దలా రాలుతూనే ఉంది, దాదాపు సగం దాకా. పంటిలో ఆ సగం ఉండేది లోతున, నరం ఉండే గుజ్జుకు దగ్గరగా. పైనుంచి తట్టి చూసిన డాక్టరుకు అది ఎన్నటికీ తెలియదు.

రెండు మిల్లీమీటర్లకు మించి ఒక్క పొరగా వేయకూడదని చెప్పేది ఇందుకే. నాలుగు దాకా ఒకేసారి నింపగల రకాలు వేరే ఉన్నాయి, ఇది ఆ రకం కాదు. నా ముక్క పాడైంది మందం వల్లనేనని వాదించబోయాను. ఆవిడ ముక్క మందమూ అంతే కదా అని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మర్నాడు ఆ కళ్లద్దాలు పెట్టుకున్నాను. కళ్లు మిరుమిట్లు గొలిపే నీలం అంతా పోయి పన్ను, దాని మీద మొన స్పష్టంగా కనిపించాయి. ఇన్నేళ్లలో నేను లైటు పడుతున్న పంటిని లైటు వెలుగుతుండగా చూడటం అదే మొదటిసారి. పేషెంటు కాస్త దవడ కదిలించగానే మొన జారింది. చూస్తున్నాను కాబట్టి సర్దుకున్నాను.

ఆ రాత్రి, నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా క్లినిక్ నడుపుతున్న అమ్మాయికి ఫోన్ చేశాను. లైటు వేసేటప్పుడు ఎటు చూస్తావని అడిగాను.

"గోడ వైపు, మేడమ్" అంది నవ్వుతూ. "మీరూ అటే చూసేవారు కదా!"