సెలవు చీటీలో మూడు తప్పులు

పదో తరగతిలో జ్వరం తగ్గి బడికి వచ్చిన రోజు ఇంగ్లీషు మాస్టారికి ఇచ్చిన సెలవు చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని మీద ఎర్ర సిరాతో మూడు గీతలు. 'సఫరింగ్' పక్కన 'విత్' రాశాను. 'త్రీ డేస్' ముందు 'సిన్స్' పెట్టాను. 'హావ్ బీన్' ఉండవలసిన చోట 'యామ్' అన్నాను.

మాస్టారు కోప్పడలేదు. బోర్డు మీద 'జ్వరంతో', 'మూడు రోజుల నుంచి' అని తెలుగులో రాశారు. "వీడు ఇంగ్లీషు తప్పు రాయలేదురా, తెలుగు సరిగ్గా రాశాడు" అన్నారు. మనం జ్వరంతో బాధపడతాం. ఇంగ్లీషులో ఆ బాధ జ్వరం నుంచి వస్తుంది, కాబట్టి 'ఫ్రమ్'. మన 'నుంచి' సోమవారానికీ సరిపోతుంది, మూడు రోజులకూ సరిపోతుంది. వాళ్లు మాత్రం మొదలైన సమయానికి 'సిన్స్', గడిచిన కాలానికి 'ఫర్' అని విడదీస్తారు. ఆ రోజు తర్వాత ఈ రెండింటి దగ్గర నేను తడబడలేదు.

తెలుగు క్లాసులో వల్లె వేసిన విభక్తులను ఆయన ఇంగ్లీషు క్లాసులోకి తెచ్చారు. 'వలనన్, కంటెన్, పట్టి' పంచమి కదా. ఆ 'కంటె' అలవాటు వల్లే 'సీనియర్' తర్వాత మన చేయి 'దాన్' రాస్తుంది. సీనియర్, జూనియర్, సుపీరియర్ లాటిన్ నుంచి వచ్చిన మాటలు. పోలిక వాటిలోనే ఇమిడి ఉంది, అందుకని 'టు' వస్తుంది. 'డిస్కస్' కూడా అంతే, 'గురించి' దాని కడుపులోనే ఉంది, 'ఎబౌట్' అక్కర్లేదు. 'బిసైడ్' అంటే పక్కన, చివర 'ఎస్' చేరితే 'అంతేకాక'. జాబితాలు బట్టీ పట్టిస్తే ఇవేవీ నిలిచేవి కావని నా గట్టి నమ్మకం. ఎక్కడ మన దారి, వాళ్ల దారి వేరవుతున్నాయో చూపించారు కనుకనే నిలిచాయి.

బస్సులో, కారులో అన్నప్పుడు మనకు ఒకటే 'లో'. నిలబడి నడవగలిగే బండికి 'ఆన్', వంగి ఎక్కి కూర్చునే దానికి 'ఇన్' అని గుర్తు చెప్పారు. బదిలీ అయిన రోజు ఆయన్ని సాగనంపడానికి క్లాసంతా బస్టాండుకు వెళ్లాం. మెట్టెక్కి, చేతిలో ట్రంకుపెట్టెతో వెనక్కి తిరిగి "ఇప్పుడు నేనెక్కడ ఉన్నానురా?" అని అడిగారు.

"ఆన్!" అని నలభై గొంతులు ఒక్కసారిగా అరిచాయి. కండక్టర్ ఉలిక్కిపడి మావైపు చూశాడు.