సర్ఫేస్ కచ్చితం, అంచు మాత్రం అంచనా

క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ చేయడం) నేర్చుకుంటున్నవాళ్ళలో చాలామంది, కారు బానెట్ లాంటి వంపు షేపుల్ని కంప్యూటర్ చిన్న చిన్న త్రికోణాలుగా దాచుకుంటుంది అనుకుంటారు. స్క్రీన్ మీద కనిపించేవి నిజంగా త్రికోణాలే, త్రీడీ ప్రింటర్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైల్లోనూ అవే ఉంటాయి, కానీ అసలు మోడల్ ఫైల్లో ఉండేది వేరు. అక్కడ కొన్ని కంట్రోల్ పాయింట్లు ఉంటాయి, వాటినుంచి వంపు పుట్టించే లెక్క ఉంటుంది. అందుకే ఎంత జూమ్ చేసినా వంపు వంపుగానే ఉంటుంది.

ఇదంతా ఫ్రాన్స్ కార్ల కంపెనీల్లో మొదలైంది. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లోనే ఈ పద్ధతి కనిపెట్టాడు కానీ కంపెనీ దాన్ని బయటికి రానివ్వలేదు, 1960ల్లో రెనోలో పియర్ బెజియే విడిగా అదే చోటికి వచ్చి పబ్లిష్ చేశాడు, పేరు ఆయనకి వెళ్ళింది. నాకు మాత్రం ద కాస్టెల్జో పద్ధతి అంటేనే ప్రాణం, ఒకసారి పేపర్ మీద చేసి చూడండి. నాలుగు పాయింట్లు పెట్టి వరసగా కలిపితే మూడు గీతలు, వాటి మధ్య పాయింట్లు కలిపితే రెండు గీతలు, మళ్ళీ మధ్య పాయింట్లు కలిపితే ఒక గీత, దాని మధ్య పాయింటే వంపు మీది పాయింట్. సగం దగ్గర కాకుండా ప్రతిసారీ మూడో వంతు దగ్గర తీసుకుంటే వంపు మీద ఇంకో పాయింట్ దొరుకుతుంది. అంతే! సర్ఫేస్ కావాలంటే నాలుగు పాయింట్ల బదులు 16 పాయింట్ల వల తీసుకుని ఇదే పని రెండు వైపులా చేస్తారు.

ఒక్క చిక్కుంది, ఈ లెక్కతో వృత్తం కచ్చితంగా రాదు. డిగ్రీ (లెక్కలోని ఘాతం, నాలుగు పాయింట్లకి 3) ఎంత పెంచినా దగ్గరికి వస్తుందే తప్ప వృత్తం అవ్వదు, మెకానికల్ వాళ్ళకేమో షాఫ్టులూ హోల్సూ అన్నీ వృత్తాలే. అందుకని ఒక్కో పాయింట్‌కి ఒక వెయిట్, అంటే అది వంపుని ఎంత గట్టిగా లాగాలో చెప్పే అంకె, ఇచ్చారు. పావు వృత్తానికి మూడు పాయింట్లు చాలు, రెండు చివర్లకి వెయిట్ 1, మూలలో ఉన్నదానికి 0.7071 ఇస్తే నిఖార్సైన వృత్తం వస్తుంది. అదే మూల పాయింట్‌కి 1 ఇస్తే పెరాబోలా, 1 దాటితే హైపర్బోలా. ఎంత అందమైన లెక్కో చూడండి! ఇప్పుడు దాదాపు ప్రతి క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నర్బ్స్ అనే వంపుల పద్ధతికి ఈ వెయిట్లే ఆయువుపట్టు.

ఇంతవరకూ అన్నీ కచ్చితమే, అసలు తలనొప్పి రెండు సర్ఫేసులు కలిసే చోట. మామూలు బైక్యూబిక్ ప్యాచ్‌లు, అంటే పైన చెప్పిన 16 పాయింట్ల సర్ఫేస్ ముక్కలు, రెండు ఒకదాన్నొకటి కోసుకుంటే వచ్చే వంపు డిగ్రీ 324 దాకా పోతుంది. మూడో డిగ్రీ తో మూడో డిగ్రీ కలిస్తే 324! దాన్ని ఉన్నదున్నట్టు ఏ సాఫ్ట్‌వేరూ మొయ్యలేదు, అందుకే దగ్గరగా ఉండే ఒక మామూలు వంపు వేసి, ఇంత టాలరెన్స్‌లో (ఒప్పుకునే తేడాలో) ఉంటే చాలు అని సర్దుకుంటుంది. అంటే మనకి ఒక్క అంచులా కనిపించేచోట రెండు సర్ఫేసుల మధ్య సన్నటి సందు ఉంటుంది, ఇలాంటి వంపు సర్ఫేసుల్లో దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఒక సాఫ్ట్‌వేర్ 0.01 మి.మీ. సందుని ఓకే అనుకుని ఫైల్ రాస్తే, 0.001 అడిగే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అదే పార్ట్ సాలిడ్‌గా మూసుకోదు, విడి సర్ఫేసులుగా తెరుచుకుంటుంది, తర్వాత ఫిల్లెట్ (అంచుని గుండ్రం చేయడం) పడదు, షెల్ (లోపల బోలు చేయడం) అవ్వదు, ఫైల్ పాడైపోయిందని అందరూ తిడతారు. ఎక్స్‌ట్రూడ్, రివాల్వ్ కమాండ్లు నేర్పే కోర్సులు ఇది ఒక్క క్లాసులోనైనా చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

అలాంటి ఫైల్ వస్తే చాలామంది వెంటనే టాలరెన్స్ పెంచి కుట్టేస్తారు. నేనైతే ముందు ఓపెన్ ఎడ్జెస్ (కలవని అంచులు) చూపించమని అడిగి, సందున్న చోట రెండు సర్ఫేసుల్నీ అన్‌ట్రిమ్ చేసి (పాత కోత తీసేసి), కొంచెం బయటికి పొడిగించి, మన సాఫ్ట్‌వేర్‌లోనే మళ్ళీ కోయిస్తాను. టైమ్ పడుతుంది, కానీ అంచు మన టాలరెన్స్‌లో కొత్తగా పుడుతుంది కాబట్టి ఆ తర్వాత ఫిల్లెట్ చాలాసార్లు గొడవ లేకుండా పడిపోతుంది.