శ్రీమంతం సామాన్లతో పాటు ఆ కార్డు కూడా

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. మా చెల్లెను దేవరకొండ నుంచి నల్గొండకు తెచ్చుకునేటప్పుడు చీరలు, గాజులు, సారె డబ్బాలు ఎవరూ మర్చిపోలేదు. తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ రిపోర్టులు గుర్తు చేసింది మాత్రం ఆశక్కే. ఇక్కడ డాక్టరమ్మ మొదట అడిగిందీ అవే.

హిమోగ్లోబిన్ 9 దగ్గరే ఆగింది. 11 ఉండాలట. "ఐరన్ గోలీలు రోజూ వేసుకుంటున్న మేడమ్" అంది మా చెల్లె. "దేంతో?" అని అడిగింది డాక్టరమ్మ. చాయ్‌తో! చాయ్‌తో వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటికి పట్టదట. కాల్షియం గోలీ కూడా వేరే పూట వేసుకోవాలి. ఇప్పుడు నిమ్మకాయ నీళ్లతో మింగుతోంది. మలం నల్లగా వస్తే భయపడొద్దని కూడా ముందే చెప్పారు. చాలామంది అది చూసే మానేస్తారంట.

కుంకుమపువ్వుకు పెట్టే డబ్బులు గుడ్లకు, పాలకు పెడితే నయం. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం ఉండనే ఉంది.

తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, ముఖం ఉబ్బినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇక ముహూర్తం ఆపరేషన్ల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లే. అవసరమైతే చేయాల్సిందే, కాదనను. మా పెద్దమ్మ మాత్రం అప్పుడే పంచాంగం ముందేసుకుని కూర్చుంది.