బాయిలర్ వెలిగి ఆరిపోతుంటే

ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ బాయిలర్ ఇలా చేస్తే, రీసెట్ నొక్కే ముందు అది ఎంతసేపటికి ఆగుతోందో చూడండి. మంట అంటుకున్న కొన్ని సెకన్లకే ఆరిపోతే అనుమానం ఫ్లేమ్ సెన్సార్ (మంటను పసిగట్టే కడ్డీ) మీద. దానిపై పొర పేరుకుంటే మంట ఉన్నా కంట్రోల్ బోర్డుకు కబురందదు, అది గ్యాస్ వాల్వ్ మూసేస్తుంది. బాయిలర్ మూత విప్పడం లైసెన్సున్న టెక్నీషియన్ పనే.

కాసేపు మండి ఆగితే నీళ్లు సరిగా తిరగట్లేదేమో: పంపు, రేడియేటర్ (గదిని వేడిచేసే పలక) వాల్వులు, పైపుల్లో గాలి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు నీటి ఒత్తిడి చూపే గేజ్ 1 నుంచి 1.5 బార్ ఉండాలి. తగ్గితే ఫిల్లింగ్ లూప్ (నీళ్లు నింపే గొట్టం) తెరిచి నింపి, గట్టిగా మూసేయండి. వేడెక్కగానే 3 బార్‌కు ఎగబాకి, చల్లారాక పడిపోతోందా? వేడికి పెరిగే నీటికి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి పోయినట్టే. ఊరికే నీళ్లు నింపుతూ కూర్చోవడం దండగ.

గడ్డకట్టే చలిలో గుడగుడమంటూ ఆగితే బయటి కండెన్సేట్ పైపు (పొగలోని తేమ నీరై పోయే గొట్టం) గడ్డకట్టి ఉండొచ్చు; దాని మీద గోరువెచ్చని నీళ్లు పోయండి, మరిగేవి వద్దు.