ఆరో స్లాట్‌లో పాలపిట్ట

పోకెమాన్ పోరాటాలు ఆడుకునే సైట్ పోకెమాన్ షోడౌన్‌లో ఆరు పోకెమాన్‌ల కొత్త టీమ్ కట్టడం మొదలుపెట్టిన సాయంత్రమే ఐదింటిని పెట్టేశాను. ఆరోదానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ పద్దెనిమిది రోజుల్లో ఆఫీసు పని తప్ప మిగతావన్నీ వాయిదా పడ్డాయి, గ్యాస్ బుక్ చేయడంతో సహా.

నేనాడేది తొమ్మిదో తరం ఓయూ, అంటే ఎక్కువమంది వాడే పోకెమాన్‌లతో నడిచే విభాగం. 2022 నవంబరులో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ ఆటల లెక్కన నడిచే సింగిల్స్, అంటే రెండు వైపులా ఒక్కోటే బరిలో ఉంటుంది. షోడౌన్ బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు, నింటెండో స్విచ్ కన్సోల్ కొనక్కర్లేదు. నాలాంటివాళ్లు అందులో చేరడానికి అసలు కారణం అదే. ఆట మొదలయ్యే ముందు ఇద్దరికీ ఇద్దరి ఆరూ కనిపిస్తాయి. ఎవరి దగ్గర ఏ ఐటమ్ ఉందో, ఏ మూవ్‌లు ఉన్నాయో తెలియదు గానీ, టీమ్‌లో కన్నం ఎక్కడుందో కనిపెట్టడానికి తెలిసినవాడికి ఆ ఒక్క తెర చాలు.

నా ఐదింటి గురించి చెప్పాలి. గ్రేట్ టస్క్ స్టెల్త్ రాక్ పరుస్తుంది, అంటే అవతలివాడు దింపేవాటికి దిగగానే తగిలే రాళ్లు, అవతలివాడు పరిచినవాటిని ర్యాపిడ్ స్పిన్‌తో ఊడ్చేస్తుంది. గోల్డెంగో మీద స్టేటస్ మూవ్‌లు (నేరుగా దెబ్బ కొట్టనివి) పనిచేయవు, రాళ్లు తీసేసే డీఫాగ్ కూడా. పైగా అది ఘోస్ట్ టైప్ (ఒక్కోదానికి ఒకటో రెండో టైపులుంటాయి, ఏ మూవ్ ఎంత తగలాలో వాటిని బట్టే తేలుతుంది) కాబట్టి ర్యాపిడ్ స్పిన్ తగలదు. అంటే నేను పరిచిన రాళ్లు పరిచినట్టే ఉంటాయి. గలార్ స్లోకింగ్ దెబ్బలు తిని లోపలికి వెళ్లిన ప్రతిసారీ రీజెనరేటర్ అనే గుణం వల్ల మూడో వంతు ప్రాణం వెనక్కి వస్తుంది, వేసవి సెలవులకు అమ్మమ్మ ఇంటికెళ్లి వచ్చిన పిల్లాడిలా. డ్రాగపల్ట్‌ది వేగం, బేస్ స్పీడే 142. ఇక కింగంబిట్‌ని చివర్లో దింపుతాను. మన వైపు పడిపోయిన ఒక్కోదానికి పది శాతం చొప్పున దాని బలం పెరుగుతుంది, యాభై శాతం దాకా. ఇంట్లో అందరూ పోయాక కత్తి పట్టే రకం.

ఆరో స్లాట్‌లో లుకారియోని పెట్టాను. చిన్నప్పటి నుంచి ఇష్టం, అంతకుమించి కారణం లేదు. ఐదూ కష్టపడుతున్నాయి కదా, ఒక్కటి నా ముచ్చట కోసం ఉంటే ఏంపోయింది అనుకున్నాను.

ల్యాడర్‌లో, అంటే రేటింగ్ పోటీలో, ఎవరైనా 1000 పాయింట్ల దగ్గరే మొదలవ్వాలి. 1300 వరకు సాఫీగానే ఎక్కాను. తర్వాత నాలుగు రోజులు అక్కడక్కడే. రాత్రి పదింటికి కూర్చోవడం, ముప్ఫై పాయింట్లు ఎక్కడం, పడుకునే ముందు నలభై పోగొట్టుకోవడం. మొదట్లో అందరిలాగే దురదృష్టాన్ని తిట్టుకున్నాను. నా డ్రాకో మీటియర్ మూవ్ గురి తప్పిందనీ, వాడికి క్రిటికల్ (మామూలు కంటే పెద్ద దెబ్బ) పడిందనీ. ఓడిన రీప్లేలు తెరిచి చూడబుద్ధి కాలేదు.

ఆ వారాంతం మా పిన్ని కొడుకు నా రూముకొచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. వాడికి ఈవీలూ (ప్రాణం, వేగం లాంటివాటికి మనం పంచే పాయింట్లు) తెలియవు, టెరా (ఆట మధ్యలో టైప్ మార్చుకోవడం) సంగతీ తెలియదు. టీవీలో చూసిన పోకెమాన్‌లు తెలుసు, అంతే. నా వెనక మంచం మీద కూర్చుని చిప్స్ తింటూ రెండు ఆటలు చూశాడు. రెండూ ఓడిపోయాను.

“అన్నా, వాడు ఊరికే ఎర్త్‌క్వేక్ కొడుతున్నాడు, నువ్వు ఊరికే పడిపోతున్నావు. నీ దాంట్లో ఎగిరేదే లేదా?”

“డ్రాగపల్ట్ ఉందిగా, గాల్లోనే తేలుతుంది.”

“మరి దానికీ తగిలిందిగా ఇప్పుడే?”

తగిలింది. ఎర్త్‌క్వేక్ గ్రౌండ్ టైప్ మూవ్, ఫ్లయింగ్ టైప్‌కీ లెవిటేట్ అనే గుణం ఉన్నవాటికీ తగలదు. డ్రాగపల్ట్ బొమ్మలో తేలుతుంది గానీ దానికి లెవిటేట్ లేదు, ఫ్లయింగ్ టైపూ కాదు. ఆట లెక్కలో అది నేల మీద ఉన్నట్టే. ఇది నాకు తెలియని విషయమేమీ కాదు, తెలిసి కూడా లెక్కలోకి తీసుకోలేదు. కాగితం మీద ఆరు పేర్లు రాసి గ్రౌండ్ టైప్ ఎదురుగా టిక్కులు పెట్టాను. గోల్డెంగోకి రెట్టింపు దెబ్బ. కింగంబిట్‌కి రెట్టింపు. స్లోకింగ్‌లో పాయిజన్ ఉంది, దానికీ రెట్టింపే. నా ముద్దుల లుకారియో స్టీల్ కాబట్టి అది నాలుగోది. మిగిలిన రెండిటికీ మామూలు దెబ్బ. తట్టుకునేది ఒక్కటీ లేదు.

అప్పుడు కూర్చుని చివరి పద్దెనిమిది ఓటముల రీప్లేలు చూశాను. పదకొండింటిలో నా టీమ్‌ని విరగ్గొట్టింది గ్రౌండ్ దాడే. ఎక్కువసార్లు అవతలి గ్రేట్ టస్క్, అడపాదడపా లాండరస్, టింగ్-లూ. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. నెలనెలా వచ్చే వాడుక లెక్కల్లో గ్రేట్ టస్క్ మొదటి వరసలోనే ఉంటుంది. అసలు ఒక పోకెమాన్‌ని ఓయూలో ఉంచాలంటే దాని వాడుక 4.52 శాతం దాటాలి. పదిహేను ఆటలు ఆడితే అది ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం సగానికి సగం అని ఆ అంకె వెనకున్న లెక్క. టస్క్ దానికి ఎన్నో రెట్ల మీద ఉంటుంది. నేను మాత్రం అది రాదన్నట్టు టీమ్ కట్టాను.

“చారిజార్డ్ పెట్టు అన్నా,” అన్నాడు తమ్ముడు.

“ఒరేయ్, స్టెల్త్ రాక్ మీద దిగితే దానికి సగం ప్రాణం పోతుంది.”

“మరి ఇంకో పక్షేదైనా పెట్టు.”

వాడి మాట నేను వెంటనే వినలేదు. ముందు కార్వినైట్ పెట్టాను. అదీ పక్షే అనుకోండి, కానీ ఇనుప పక్షి. గ్రౌండ్ అసలు తగలదు, దెబ్బలు ఓర్చుకుంటుంది. మూడు రోజులు హాయిగా ఉన్నాను. తర్వాత సిండరేస్ ఎదురైంది. గోల్డెంగో, కింగంబిట్, కార్వినైట్, మూడూ స్టీలే, మూడిటికీ నిప్పంటే రెట్టింపు. ఒక కన్నం పూడ్చడానికి పక్క గోడలోంచి ఇటుక పీకినట్టయింది. పైగా ప్రాణం తెచ్చుకునే మూవ్ రూస్ట్‌కి ఈ తరంలో పీపీ (ఎన్నిసార్లు వాడొచ్చనే లెక్క) బాగా తగ్గించేశారు, గరిష్ఠంగా ఎనిమిదిసార్లే. పొడుగు ఆటల్లో కార్వినైట్ చూస్తూ చూస్తూ ఎండిపోయేది.

రోటమ్-వాష్ ఒక్క రాత్రే ఉంది. లెవిటేట్ ఉంది, బలహీనత గ్రాస్ ఒక్కటే, కాగితం మీద అంతకంటే బాగా అమరేది లేదు. కానీ పోయిన ప్రాణం తెచ్చుకునే నమ్మకమైన దారి లేదు. వెల్‌స్ప్రింగ్ ఓగర్‌పాన్ వస్తే నా హైడ్రో పంప్‌ని నీళ్లు తాగినట్టు తాగేసి, గ్రాస్ మూవ్‌తో దాన్ని ఒక్క దెబ్బకి పంపించేది.

డ్రాగనైట్ దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. ఇప్పటికీ దాని మీద మనసు పీకుతూనే ఉంటుంది. డ్రాగన్, ఫ్లయింగ్. గ్రౌండ్ తగలదు, నీళ్లూ నిప్పూ గడ్డీ అన్నీ తట్టుకుంటుంది. ప్రాణం నిండుగా ఉంటే మల్టీస్కేల్ వల్ల దెబ్బ సగమే. బలమూ వేగమూ పెంచే డ్రాగన్ డాన్స్ ఒక్కటి వేయనిస్తే ఎక్స్‌ట్రీమ్ స్పీడ్‌తో ఆట ముగించేస్తుంది. కానీ ఆ ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ గట్టిగా తగలాలంటే టెరాతో నార్మల్ టైప్‌గా మార్చాలి. టెరా చేశాక అది ఫ్లయింగ్ కాదు. నేను ఏ గ్రౌండ్ కోసం దాన్ని తెచ్చానో ఆ ఎర్త్‌క్వేకే దాన్ని పడగొడుతుంది. ఆటకి ఒక్క టెరాయే ఇస్తారు కదా, దాన్ని డ్రాగనైట్ మీద ఖర్చుపెడితే చివర్లో కింగంబిట్ బోసిగా నిలబడుతుంది. ఇలా రెండు ఆటలు వరసగా ఓడిపోయాక అర్థమైంది, నేను మళ్లీ లుకారియో పనే చేస్తున్నానని. గోడ కావాల్సిన చోట ఇంకో హీరోని నిలబెడుతున్నాను.

ఈ మధ్యలో తమ్ముడు ఊరెళ్లి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. గోల్డెంగో నెత్తికి బెలూన్ గీసి “ఇది కట్టు” అని. వాడు జోక్ చేశాననుకున్నాడు. నిజంగానే ఎయిర్ బెలూన్ అనే ఐటమ్ ఉంది. దాన్ని పట్టుకున్నంతసేపు గ్రౌండ్ తగలదు, ఏదో ఒక దెబ్బ పడగానే పేలిపోతుంది. గోల్డెంగోకి అది చాలామంది వాడే ఐటమే, నేనే మర్చిపోయాను. పెట్టి చూశాను. ఆరో స్లాట్ మీద భారం సగం తగ్గింది. అంటే ఆరోది గ్రౌండ్‌ని పూర్తిగా ఒక్కతే మోయక్కర్లేదు, బెలూన్ పేలాక మోస్తే చాలు.

అప్పుడు జాప్‌డాస్ అనే పక్షి వైపు చూశాను. చూడగానే నచ్చలేదు. ముఖ్యమైన మూవ్ హరికేన్, పదిసార్లలో మూడుసార్లు తప్పుతుంది. రాళ్ల మీద దిగితే పావు ప్రాణం పోతుంది కాబట్టి హెవీ డ్యూటీ బూట్స్ తప్పనిసరి. కానీ ఒక్కో బాక్సూ నింపుతుంటే అమరడం మొదలైంది. గ్రౌండ్ తగలదు. టస్క్ కొట్టే క్లోజ్ కంబాట్ సగమే. ఓగర్‌పాన్‌కీ టస్క్‌కీ హరికేన్ రెట్టింపు. అవతలి కింగంబిట్‌కి నిప్పు మూవ్ హీట్ వేవ్ ఉంది. రూస్ట్ ఉంది. తాకే మూవ్‌తో కొట్టినవాడికి స్టాటిక్ అనే గుణం వల్ల పక్షవాతం వచ్చే అవకాశం ముప్ఫై శాతం.

ఈవీల దగ్గర ఒక రాత్రంతా కూర్చున్నాను. నాకు టెన్షనూ సంతోషమూ కలిసి వచ్చే పని ఇదే. ఈవీలు వేగానికి పూర్తిగా పెట్టిన జాలీ (వేగం పెంచే స్వభావం) గ్రేట్ టస్క్ స్పీడ్ 300. టిమిడ్ (ఇదీ వేగం పెంచే స్వభావమే) జాప్‌డాస్‌కి 152 ఈవీలు స్పీడ్‌లో పెడితే 301 వస్తుంది. ఒక్క పాయింటు. 248 ప్రాణానికి, మిగిలిన 108 డిఫెన్స్‌కి. బూస్టర్ ఎనర్జీ అనే ఐటమ్‌తో స్పీడ్ పెంచుకునే టస్క్ వస్తే ఈ లెక్క గాలికి పోతుంది, తెలుసు. కానీ ఆ ఒక్క పాయింటు కనపడ్డాక నిద్రపట్టింది.

లుకారియోని తీసేసేటప్పుడు డిలీట్ నొక్కలేక దాని సెట్ వేరే ఫైల్లో దాచుకున్నాను. నవ్వుకోండి.

కొత్త టీమ్‌తో మూడో ఆట. అవతల గ్రేట్ టస్క్ ఉంది, నా బెలూన్ అప్పటికే పేలింది. గోల్డెంగో ముందు టస్క్ నిలబడింది. ఏం కొడతాడో ఇద్దరికీ తెలుసు. జాప్‌డాస్‌ని దింపాను, గ్రౌండ్ మూవ్ గాల్లో కలిసిపోయింది. తర్వాతి టర్న్‌లో నేనే ముందు కొట్టాను, ఆ ఒక్క పాయింటు పుణ్యమా అని. హరికేన్ తప్పింది. వాడు ఐస్ స్పిన్నర్‌తో కొట్టాడు. సగానికి పైగా ప్రాణం పోయింది. కానీ ఐస్ స్పిన్నర్ తాకే మూవ్. టస్క్‌కి పక్షవాతం తగిలింది. మళ్లీ హరికేన్, ఈసారి తగిలింది. టస్క్ పడిపోయింది. కుర్చీలోంచి లేచి తమ్ముడికి ఫోన్ చేస్తే రాత్రి పదకొండున్నరకి పిన్ని ఎత్తి, “ఏమైందిరా, అంతా బాగానే ఉన్నారా?” అని కంగారుపడింది. పిన్నికి సర్దిచెప్పడం ఆ ఆట గెలవడం కంటే కష్టమైంది.

కన్నాలు లేవని కాదు. ఇప్పుడు మంచు (ఐస్ టైప్) దెబ్బలకి టస్క్, డ్రాగపల్ట్, జాప్‌డాస్ మూడూ లోకువే. స్టీల్ రెండూ నిలబడి ఉన్నంతసేపు ఫరవాలేదు, అవి పోతే చూడాలి. రేటింగ్ 1480 దగ్గర అటూ ఇటూ ఊగుతోంది.

ఫోన్లో తమ్ముడు ఒకటే షరతు పెట్టాడు. “పక్షి ఐడియా నాదే అన్నా, పేరు కూడా నేనే పెడతా.” అందుకని ఇప్పుడు నా జాప్‌డాస్ పేరు పాలపిట్ట, ఇంగ్లీషు అక్షరాల్లో. దసరా రోజు కనపడితే మంచిదంటారు కదా, అవతలివాడికి కనపడితే ఏమవుతుందో మరి. నిన్న ఎవరో చాట్‌లో ఆ మాటకి అర్థమేంటని అడిగాడు. మా ఊరి పక్షి అని టైప్ చేసేలోపు హరికేన్ మళ్లీ తప్పింది.