స్పా వాల్వ్ తిరగకపోతే

ఈత కొలనుతో కలిసి ఒకే పంపు మీద నడిచే స్పా (వేడినీటి తొట్టి) ఉంటే, స్పా మోడ్ వేయగానే ఆ స్పా ఖాళీ అవుతున్నా, పొంగి పొర్లుతున్నా, నీళ్లు లాగే (సక్షన్), తిరిగి పంపే (రిటర్న్) వాల్వ్‌లను తిప్పే మోటార్లలో, అంటే యాక్చుయేటర్లలో, ఒకటి తిరగడం లేదేమో చూడాలి. ముందు పంపు ఆపండి. యాక్చుయేటర్ మీది టాగుల్ స్విచ్ నడిమధ్య ఆఫ్‌లో ఉండిపోయిందేమో గమనించండి. చాలాసార్లు కథ అక్కడే తేలిపోతుంది.

లేదంటే మల్టీమీటర్‌ను ఏసీ వోల్టేజీలో పెట్టి, యాక్చుయేటర్‌కు వచ్చే మూడు వైర్లలో కామన్ (ఉమ్మడి) వైరుకూ మిగతా రెండింటికీ మధ్య కొలవండి. మోడ్‌ను బట్టి ఒకదాని మీద దాదాపు 24 వోల్టులు రావాలి. రాకపోతే ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మర్, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) చూసుకోవాలి.

కరెంటు వస్తున్నా కదలకపోతే సప్లై కట్టేసి, స్క్రూలు విప్పి యాక్చుయేటర్ తీసి, వాల్వ్‌ను చేత్తో తిప్పండి. అది బిగుసుకుపోయి ఉంటే కొత్త మోటారూ నాలుగు రోజులకు పోతుంది. వాల్వ్‌లో నీళ్లు కారకుండా ఉండే రబ్బరు రింగులకు (ఓ-రింగులు) సిలికాన్ గ్రీజే రాయండి. పెట్రోలియం జెల్లీకి రబ్బరు ఉబ్బుతుంది. వాల్వ్ తేలిగ్గా తిరుగుతుంటే యాక్చుయేటర్ లోపల మోటారు ఎక్కడ ఆగాలో నిర్ణయించే క్యామ్ (చిన్న చక్రం) జారిందో, అది నొక్కే మైక్రోస్విచ్ తుప్పు పట్టిందో మూత తీసి చూడండి.